స్టీరియోలో డోలు దెబ్బ పలచబడితే

ప్రశ్న: అయ్యా, మా హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. స్లాబు ఇల్లు, గ్రానైటు నేల. పొట్టి గోడ ముందు స్టాండ్ల మీద ఆరున్నర అంగుళాల వూఫర్లు (బేస్ పలికే పెద్ద కోనులు) ఉన్న స్పీకర్ల జత పెట్టి, 60 వాట్ల యాంప్లిఫయరుతో వింటున్నాను. గోడకూ వూఫరు ముఖానికీ మధ్య రెండున్నర అడుగుల దూరం ఉంది. సోఫా ఎదుటి గోడకు ఆనుకుని ఉంది. గాత్రం, వీణ ముచ్చటగా వినిపిస్తాయి గాని, నాదస్వరం కచేరీలో డోలు దెబ్బ, మృదంగం ఎడమవైపు నాదం పలచగా ఉంటున్నాయి. బేస్ నాబు పెంచితే హాలంతా హోరెత్తుతుందే తప్ప దెబ్బలో బిగువు రావడం లేదు. 200 వాట్ల యాంప్లిఫయరు కొంటే సరిపోతుందని దుకాణంలో అంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఇప్పుడే కొనకండి. 60 వాట్ల నుంచి 200 వాట్లకు వెళ్తే అదనంగా దక్కేది 5 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే, అదీ వాల్యూమును చివరిదాకా తిప్పి వినేవారికి. లోపించిన దెబ్బ అప్పుడు కూడా లోపించే ఉంటుంది.

ముందుగా తీగలు చూడండి. ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే, ఒక వూఫరు ముందుకు వచ్చినప్పుడు రెండోది వెనక్కు పోయి బేస్ పరస్పరం రద్దవుతుంది. మోనోలో, అంటే రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం వెళ్ళేలా, ఒక మగ గొంతును వినిపించండి. ఆ గొంతు రెండు స్పీకర్ల నడుమ స్థిరంగా నిలవకుండా గదిలో చెదిరిపోతే, ఒక్క స్పీకరు వెనుక మాత్రమే తీగలు మార్చి మళ్ళీ వినండి. ఖరీదైన కేబుళ్ళ అవసరం లేదు, ఇంటి వైరింగులో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీ హాలుకు ధారాళంగా చాలుతుంది.

తీగలు సరిగానే ఉంటే, నా అనుమానమంతా మీరు చెప్పిన రెండున్నర అడుగుల మీదే. డోలు దెబ్బలో గుండెకు తగిలే భాగం సుమారు 80 నుంచి 200 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య ఉంటుంది. ఆ పౌనఃపున్యాల్లో శబ్దం వూఫరు నుంచి ముందుకు మాత్రమే కాక పెట్టెను చుట్టుకుని వెనక్కూ వెళ్ళి, గోడకు తగిలి తిరిగివచ్చి, ముందుకు వెళ్తున్న శబ్దంతో కలుస్తుంది. కాలువ గట్టుకు కొట్టుకుని వెనుదిరిగిన అల ఎదురొచ్చే అలను అణచివేసినట్టు, ఒక పౌనఃపున్యం దగ్గర ఈ రెండూ ఒకదానినొకటి చంపుకుంటాయి. అది ఎక్కడో కాగితం మీదే తేల్చవచ్చు: మన వేడిలో సెకనుకు సుమారు 345 మీటర్లుండే శబ్దవేగాన్ని, గోడ నుంచి వూఫరు ముఖానికి ఉన్న దూరానికి నాలుగు రెట్లతో భాగించాలి. మీ దూరం దాదాపు 75 సెంటీమీటర్లు గనుక జవాబు 115 హెర్ట్జ్. సరిగ్గా డోలు పలికే చోటే గొయ్యి పడింది. ఆ గొయ్యిని నాబుతో గాని, ఒక్కో పౌనఃపున్యాన్ని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజరుతో గాని పూడ్చలేరు, ఎందుకంటే మీరు ఎంత శక్తి పోస్తే గోడ నుంచి తిరిగివచ్చే శబ్దం కూడా అంతే పెరిగి దానిని రద్దు చేస్తూనే ఉంటుంది.

కాబట్టి వూఫరు ముఖం గోడకు 30, 35 సెంటీమీటర్ల దూరంలోకి వచ్చేలా స్పీకర్లను వెనక్కు జరపండి. అప్పుడా గొయ్యి 250 హెర్ట్జ్ పైకి పోతుంది. అక్కడికి వచ్చేసరికి పెట్టె వెనక్కు పంపే శబ్దం తగ్గడం మొదలవుతుంది గనుక గొయ్యి లోతు కూడా తగ్గుతుంది. పక్క గోడకూ, వెనుక గోడకూ, నేలకూ వూఫరు ఒకే దూరంలో లేకుండా చూసుకోండి, లేకపోతే గోతులన్నీ ఒకే చోట పడతాయి. గోడకు దగ్గరైన కొద్దీ మొత్తం బేస్ పెరుగుతుంది కాబట్టి నాబును మధ్యకు తెచ్చేయండి. పెట్టె వెనుక గాలి రంధ్రం ఉండి హోరు ఎక్కువైతే, అందులో కొద్దిగా స్పాంజి దూర్చి వినండి.

ఇక హోరు సంగతి. 16 అడుగుల పొడవున్న గది 35, 71 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను మోగుతుంది. స్లాబు, గ్రానైటు, సిమెంటు గోడలు ఆ మోతను త్వరగా చావనివ్వవు. గోడకు ఆనుకుని కూర్చున్నవారికి ఆ మోత అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది, దాని కింద డోలు అణిగిపోతుంది. మీ బేస్ నాబు పెంచుతున్నది ముఖ్యంగా దీనినే. సోఫాను కదపడం ఇంట్లో కుదరకపోవచ్చు గాని, శ్రద్ధగా వినేటప్పుడు ఒక కుర్చీని వెనుక గోడకు ఐదారడుగులు ముందుకు వేసుకుని కూర్చోండి. అన్నిటిలోకీ పెద్ద మార్పు దీనివల్లే రావచ్చు. ఆ తర్వాత కూడా 71 దగ్గర మోత మిగిలితే, ఈక్వలైజరుతో అక్కడ ఐదారు డెసిబెల్స్ తగ్గించండి. పెంచడం పనిచేయని చోట తగ్గించడం చక్కగా పనిచేస్తుంది.

కోనసీమలో కొబ్బరి పీచు చాపలు గోడలకు వేలాడదీయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అంగుళం మందం చాప తాళాల మెరుపును మింగుతుంది గాని 71 హెర్ట్జ్ మోతను తాకను కూడా తాకదు. పీచుతోనే చేయాలనుకుంటే, గది మూలల్లో నేల నుంచి పైదాకా అడుగున్నర, రెండడుగుల మందాన వదులుగా నింపిన దిమ్మలు కొంత ఫలితమిస్తాయి. నడుమ ఆకాశం కనిపించే మండువా లోగిళ్ళలో ఈ బాధ తక్కువ, ఎందుకంటే అక్కడ మోత పైనుంచి బయటికి పోతుంది.

ప్రశ్న: మా పాత స్పీకర్లలో బేస్ క్రమంగా పోయి, ఇప్పుడు గరగరమంటున్నాయి. పారేయవలసిందేనా?
– ఒక పాఠకురాలు, నర్సాపురం

జవాబు: పారేయకండి. వూఫరు కోను చుట్టూ ఉండే స్పాంజి అంచును వేలితో తాకి చూడండి. పొడిగా రాలిపోతుంటే లోపం అక్కడే ఉంది. తేమకు ఆ స్పాంజి ఏళ్ళ తరబడి శిథిలమవుతుంది, సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇది మామూలే. కోనును వేళ్ళతో నాలుగువైపులా సమానంగా, మెల్లగా నొక్కినప్పుడు లోపల కాయిలు రాచుకోకపోతే, అంచు మాత్రమే మార్పించుకుంటే సరిపోతుంది. అదే కొలతలో, అదే మెత్తదనం ఉన్న స్పాంజి అంచునే వేయమనండి, ఎందుకంటే బిరుసు రబ్బరు వేస్తే కోను కదలిక మారి బేస్ మునుపటిలా ఉండదు. పనిలో పనిగా, పచ్చగా చిలుమెక్కిన తీగ కొసలను కోసి కొత్త రాగి బయటికి తీయించండి.

ప్రశ్న: సబ్‌వూఫరు చేర్చితే దెబ్బ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: నేరుగా పెరగదు, ఎందుకంటే సబ్‌వూఫరు చేసే పని చాలావరకు 80 హెర్ట్జ్ కిందే ఉంటుంది. అయితే ఆ భారాన్ని దానికి అప్పగించి, చిన్న వూఫర్లకు 80 కింది శబ్దం వెళ్ళకుండా యాంప్లిఫయరులో అడ్డుకట్ట వేస్తే, అవి మిడ్ బేస్‌ను, అంటే డోలు దెబ్బ ఉండే 80 పై భాగాన్ని, తేలికగా పలుకుతాయి. తర్వాత 80 హెర్ట్జ్ స్వరాన్ని ఆగకుండా వినిపిస్తూ సబ్‌వూఫరు కోను కదలికను తిరగేసే ఫేజ్ స్విచ్చిని 0, 180 రెండింటిలోనూ పెట్టి, మీరు కూర్చునే చోట ఏది గట్టిగా వినిపిస్తే దానినే ఉంచండి.