దేశాల పేర్లు, ఊర్ల పేర్లు పిల్లలకి పెట్టొచ్చా? నా పేరు మద్దిలేటి, నన్నడగండి

మీరు రాసింది ఏందంటే, పాపకి ఏషియా అని పెడదామని మీ ఇద్దరికీ ఉంది, ఇంట్లో పెద్దాయన మాత్రం ఊర్ల పేర్లు దేశాల పేర్లు మనుషులకి ఎవరన్నా పెడతారా అని గొడవ చేస్తున్నాడు, పెడితే తప్పా అని. తప్పేం లేదు. కానీ చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి నా పేరు మోసి మోసి నాకు తెలిసినవి.

కర్నూలోళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతా వాళ్ళ కోసం చెప్తా. బేతంచెర్ల దగ్గర కొండల్లో మద్దిలేటి నరసింహస్వామి గుడి ఉంది (2022లో జిల్లాలు విడగొట్టినాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది, మా నోటికి మాత్రం ఇంకా కర్నూలే). పక్కన పారే వాగు మద్దిలేరు, అందుకే ఆ సామికి ఆ పేరు. అంటే లెక్క ప్రకారం నాకు పెట్టింది ఒక వాగు పేరు. మా అమ్మకి మొదటి బిడ్డ దక్కలేదంట, మా అవ్వ మొక్కుకుందంట, నేను పుట్టినాక పుట్టెంటికలు అక్కడే తీపిచ్చి ఈ పేరు పెట్టేసినారు, మా నాయన ఏదో రమేషో సురేషో అనుకుంటాండెనంట, ఆయన్ని ఎవరూ అడగలా. స్కూల్లో మా క్లాసులోనే ఇంకో మద్దిలేటి ఉండె, వాడు పొట్టి మద్దిలేటి, నేను పొడుగు మద్దిలేటి, ఆడపిల్లల్లో ఒక మద్దిలేటమ్మ. సారు హాజరు పిలిస్తే ముగ్గురం లేచేవాళ్ళం.

ఇది మా ఒక్క తావునే అనుకోవద్దు. ఆదోని, ఎమ్మిగనూరు దిక్కు పొండి, ఉరుకుంద ఈరన్న స్వామి పేరు మీద ఉరుకుందప్పలు, ఉరుకుందమ్మలు వీధికొకరు. శ్రావణమాసంలో ఆ జాతరకి పోయి అక్కడ ఉరుకుందూ అని గట్టిగా పిలిచి చూడండి ఎంతమంది తిరుగుతారో. అనంతపురంలో ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం ఉంది, దాన్నుంచి పెన్నోబులేసు. గుంతకల్లు పక్కన కసాపురంలో నెట్టికంటి ఆంజనేయస్వామి, ఆయన పేరున నెట్టికంటప్పలు. అహోబిలం నుంచి వచ్చిన ఓబుళ్ళు, ఓబులేసులు, ఓబులమ్మలు కడప జిల్లాలో ఎంతమంది ఉన్నారో చెప్పేదే లేదు. ఇంక యాగంటయ్య, కాశమ్మ, తిరుపతయ్య ఇవన్నీ ఏంది మరి. ఇంతకీ వద్దంటున్న ఆ పెద్దాయన పేరేందో మీరు రాయలేదు!

మా వీధిలో క్రిస్టియన్ ఇండ్లలో షారోన్‌లు ఇద్దరున్నారు, షారోను అంటే ఇజ్రాయెల్‌లో సముద్రం పక్కనుండే మైదానం. ముస్లింలలో మదీనా అని ఆడపిల్లలకి పెట్టుకుంటారు. బయట దేశాల్లోనూ ఇదేం కొత్త కాదు, ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టింది కాబట్టే ఆ పేరు, ఆమెకంటే ముందు నేపుల్స్‌లో పుట్టిన అక్కకి ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోప్ అని పెట్టినారు. అక్కకి పడింది దెబ్బ అనిపిస్తుంది నాకు. క్రికెటర్ జాంటీ రోడ్స్ అయితే 2015లో ముంబైలో పుట్టిన కూతురికి ఇండియా అనే పెట్టుకున్నాడు.

ఇప్పుడు కష్టం సంగతి. కర్నూల్లో నా పేరు ఎవ్వరూ రెండోసారి అడగరు. బెంగుళూరులో ఉద్యోగానికి పోయినాక ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మొదటి మూడక్షరాలు చూసి మ్యాడ్ అనే పిలుపు మొదలైంది, తర్వాత మ్యాడీ అయింది, అదే నిలిచిపోయింది. దానికి నేను పెద్దగా బాధపడలా ఎందుకంటే ఎవరన్నా ఇదేం పేరు అంటే చెప్పుకోడానికి నాకు గుడి ఉంది, మా అవ్వ మొక్కు ఉంది. పేరుకి వెనకాల అట్లాంటిది ఒకటి ఉండాల. మా పిన్ని కొడుకు ఆస్ట్రేలియాలో ఉంటాడు, కూతురికి సిడ్నీ అని పెట్టినాడు, వాళ్ళ ఇంటిపేరు ఆదోని, రెండూ కలిపి రాస్తే బస్సు బోర్డు మాదిరి ఉంటుంది అని మేమంతా నవ్వినాం. అక్కడ పుట్టిందా అని అందరూ అడుగుతారు, అవును అంటాడు, అంతటితో అయిపోతుంది. మా అవ్వకి నోరు తిరగక సిన్నీ అంటుంది, పాపా పలుకుతుంది. మీ పాపకి ఎందుకు పెట్టినారు అంటే చెప్పేదానికి మీ దగ్గర ఏముంది, అది ఆలోచించండి, వినేదానికి బాగుంది అనేది ఒక మాటే గానీ ఆ అమ్మాయి జీవితాంతం దాన్నే చెప్పుకోవాల.

దేశం పేరైతే ఇంకో చిక్కు, దేశాలు పేర్లు మార్చుకుంటాయి. సిలోన్ 1972లో శ్రీలంక అయింది, బర్మా 1989లో మయన్మార్ అయింది, స్వాజిలాండ్ 2018లో ఎస్వాటిని అయింది. ఖండానికి ఆ భయం లేదులే.

మీరు కడపలో ఉంటాం అన్నారు కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. తెలుగులో రాసేటప్పుడు స్కూలు రిజిస్టర్లో అది ఆసియా అయిపోతుంది, ఆసియా అనేది మన దగ్గర ముస్లిం ఆడపిల్లల పేరు, వాళ్ళు ఫరో రాజు భార్య పేరని పెట్టుకుంటారు. కడపలో, కర్నూల్లో ఎవరన్నా విన్న వెంటనే అదే అనుకుంటారు, ఖండం ఎవరికీ గుర్తు రాదు. మీకది ఇబ్బంది కాదంటే హాయిగా పెట్టుకోండి, మంచి పేరే. ఇంకా తేలకపోతే తొందరేం లేదు, పుట్టుక మాత్రం 21 రోజుల్లోపల నమోదు చేయించండి, పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు, ఏడాది లోపల పేరు రాయిస్తే ఫీజు ఉండదు, ఆ తర్వాత కూడా పదిహేనేండ్ల దాకా లేటు ఫీజు కట్టి రాయించుకోవచ్చు. ఒకసారి సర్టిఫికెట్‌లో ఎక్కినాక మార్చాలంటే మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాల. అప్పటిదాకా ఇంట్లో ఆ పేరుతోనే పిలిచి చూడండి, పెద్దాయన నోట్లో అది ఏమైతుందో తెలుస్తుంది.