తాళం కారు లోపలే ఉండిపోయి డోర్లు లాక్ అయితే ఏం చేయాలి?

ముందు లోపల పిల్లలున్నారేమో చూడండి. ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా, వాళ్లకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల మీద గట్టిగా కొట్టి పగలగొట్టండి, ఎవరితోనైనా 112కి ఫోన్ చేయించండి, ఎండలో మూసిన కారు నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది. ముందు అద్దం జోలికి వెళ్లొద్దు, అది పొరల గాజు, పగిలినా ఊడిరాదు.

ఎవరూ లేకపోతే టెన్షన్ వద్దు. అన్ని డోర్లూ, డిక్కీ లాగి చూడండి, ఇంట్లో స్పేర్ కీ ఉంటే తెప్పించుకోండి. కొన్ని మోడళ్లకి కంపెనీ యాప్‌తో ఫోన్ నుంచే అన్‌లాక్ అవుతుంది. అదీ లేదంటే ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో కారుకి ఇబ్బంది వస్తే మనిషిని పంపే సేవ) ఉందేమో చూసి ఆ నంబర్‌కి చేయండి, కారు మీదేనా అని అడిగితే, ఆర్‌సీ లోపలే ఉండిపోయినా డిజిలాకర్‌లో చూపించవచ్చు. స్కేలు, తీగ దూర్చడం మాత్రం వద్దు, ఇప్పటి డోర్లలో వైర్లుంటాయి.