బుజ్జికి, రీపెయింట్ మొదలుపెట్టే ముందు

చి॥ బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎయిరిండియా ఏ320 నియోకి నువ్వే రంగులు వేసి, చూసినవాళ్లు నిజం ఫొటో అనుకునేలా స్క్రీన్‌షాట్లు తియ్యాలనుకుంటున్నావని అమ్మ చెప్పింది. రంగులు ముందు, ఫొటోలు తర్వాత అని విడదీసుకోకు. రెండింటికీ పునాది ఒకటే: ఏ విమానం, ఏ రోజు? అది తేల్చుకోకుండా బ్రష్ పట్టుకోవద్దు.

"ఎయిరిండియా రంగులు" అని మొదలుపెడితే పని తెమలదు. వీటీతో మొదలయ్యే ఒక్క రిజిస్ట్రేషన్ (మన దేశపు విమానాల నంబరు) ఎంచుకో, ఒక్క నెల ఎంచుకో. 2023 ఆగస్టు 10న కంపెనీ కొత్త రంగులు ప్రకటించింది: ముదురు ఎరుపు, వంకాయ రంగు, బంగారు రంగు. అంతమాత్రాన ఆ మర్నాటికి విమానాలన్నీ మారిపోలేదు. కొత్త రంగుల ఏ350 ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది. చిన్న విమానాలు చాలావరకు తోక మీద ఎర్ర హంస, దానిలో కోణార్క చక్రం, కిటికీల చుట్టూ ఎర్రటి ఝరోకా తోరణాలతోనే ఎగిరాయి. 2024 నవంబరు 12న విస్తారా కలిశాక ఊదా రంగు విమానాలు కూడా ఎయిరిండియా పేరు మీద తిరిగాయి. అందుకే తేదీ ముఖ్యం. నన్నడిగితే 2024 జనవరి, శంషాబాద్, పాత రంగులు తీసుకో. ఝరోకాలు వెయ్యడం వస్తే తక్కినవేవీ కష్టంగా అనిపించవు.

ఇంజన్ కూడా ముందే చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కి ఉచితంగా దొరికే ఫ్లైబైవైర్ ఏ32ఎన్ఎక్స్ అనే ఏ320 నియో మోడల్‌కి ఉన్నది సీఎఫ్ఎం లీప్ ఇంజన్. ఎయిరిండియా నియోలకూ అదే, కాబట్టి నీకు సమస్య లేదు. ఇండిగో మాత్రం 2016లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లతో మొదలుపెట్టింది, లీప్‌కి తర్వాత వచ్చింది. లీప్ ఫ్యాన్‌కి 18 రెక్కలు, ప్రాట్‌కి 20. మొదటి తరం ఇండిగో నియో రిజిస్ట్రేషన్ తీసుకొచ్చి ఈ మోడల్ మీద రాస్తే, విమానాలు తెలిసినవాడు ముందు ఇంజన్ వైపే చూసి పక్కన పెట్టేస్తాడు.

తర్వాత ఫొటోలు పోగెయ్యి. ఎడమ పక్క, కుడి పక్క, ముక్కు, తోక, పొట్ట, రెక్కల చివరలు, అన్నీ అదే రిజిస్ట్రేషన్‌వి. రెండు పక్కలూ ఒకటే అనుకోకు. పాత రంగుల్లో ఎయిరిండియా పేరు ఒక పక్క ఇంగ్లిష్‌లో, ఇంకో పక్క హిందీలో ఉంటుంది. జెండా, రిజిస్ట్రేషన్, తలుపుల దగ్గరి చిన్న హెచ్చరికలు ఎక్కడున్నాయో రెండు పక్కలా విడిగా చూసి రాసుకో.

సాధనాలకు డబ్బు పెట్టక్కర్లేదు. అక్షరాలకూ లోగోలకూ ఇంక్‌స్కేప్, లేయర్ల పనికి గింప్ గానీ క్రిటా గానీ, డీడీఎస్ ఫైళ్లు (సిమ్యులేటర్ వాడే చిత్రాలు) తెరిచి చూడటానికి పెయింట్ డాట్ నెట్ సరిపోతాయి. మోడల్ తయారుచేసినవాళ్లు ఇచ్చే పెయింట్ కిట్ దించుకో. అందులో ప్యానెల్ గీతలు, రివెట్లు, మురికి విడివిడి లేయర్లుగా ఉంటాయి. వాటి మీద గియ్యకు, కింద కొత్త లేయర్ పెట్టుకుని గియ్యి. హంసనూ చక్రాన్నీ ఫొటో నుంచి కత్తిరించి అతికించే ఆలోచనే వద్దు. ఆ ఫొటోలోని ఎండా నీడా వాటితో పాటే వచ్చేస్తాయి. వెక్టర్‌గా గీస్తే ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

మొదటి రోజు రంగు ముట్టుకోవద్దు. టెక్స్చర్ (విమానానికి తొడిగే చదును చిత్రం) మీద గళ్లు గీసి, ప్రతి గడిలో ఒక అంకె వేసి, ఎడమవి ఒక రంగు, కుడివి ఇంకో రంగు చేసి విమానానికి తొడిగి చూడు. ఏ గడి ఎక్కడ పడుతోందో, ముక్కు దగ్గర గీత ఎలా వంగుతోందో, రెక్క మొదట్లో రెండు టెక్స్చర్లు ఎక్కడ కలుస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది. కొన్ని మోడళ్లలో ఒకే చిత్రాన్ని రెండు పక్కలా వాడతారు. అక్కడ అంకె తిరగబడి కనిపిస్తుంది, అంటే ఆ చోట అక్షరాలు రాయలేవు. ఈ పరీక్ష చెయ్యనివాళ్లు పని ముప్పావు వంతు అయ్యాక మళ్లీ మొదటికొస్తారు.

ఇప్పుడు కొలతలు. ఏ320 పొడవు 37.57 మీటర్లు. 4096 పిక్సెళ్ల వెడల్పులో 20 మీటర్ల ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) పరిచి ఉంటే మీటరుకి సుమారు 205 పిక్సెళ్లు, అంటే ఒక పిక్సెల్ దాదాపు 5 మిల్లీమీటర్లు. తలుపు పక్కన ఉండే 2 సెంటీమీటర్ల అక్షరం 4 పిక్సెళ్లే. దాన్ని చదివించాలని తంటాలు పడకు, బూడిద గీతలా వదిలెయ్. ఏ320 కిటికీలు ఫ్రేముల దూరం ప్రకారం ఉంటాయి, అది 53.3 సెంటీమీటర్లు. ఈ లెక్కన ఒక ఝరోకా నుంచి ఇంకోదానికి 109 పిక్సెళ్లు రావాలి. అయితే 109 చొప్పున వరసగా కాపీ చేసుకుంటూ పోతే పదో కిటికీ దగ్గరికి తోరణం ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకి జరిగిపోతుంది, ఎందుకంటే అసలు లెక్కలో భిన్నం ఉంది. ఒక్క తోరణం చక్కగా గీసి, ప్రతి కాపీనీ మోడల్‌లోని కిటికీ మధ్యగీతకి విడిగా ఆనించు. అత్యవసర ద్వారాల దగ్గర ఫొటో చూసి వెయ్యి, ఊహించి వెయ్యకు.

రంగు అంచు టెక్స్చర్‌లోని ముక్క అంచుతో ఆగిపోకూడదు. దాన్ని దాటి 8 నుంచి 16 పిక్సెళ్లు బయటికి లాగు. లేకపోతే దూరం నుంచి చూసినప్పుడు అతుకుల్లో తెల్లటి సన్న గీతలు వస్తాయి.

రంగుల అంకెల్లో 0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు. విమానం తెలుపు అంటే 255 కాదు. మంచి తెల్ల పెయింటు కూడా పడిన వెలుతురంతా తిప్పి పంపదు. 230 నుంచి 240 మధ్య ఉంచితే ఎండలో వివరాలు మిగులుతాయి, 255 పెడితే విమానం ట్యూబులైటులా మెరిసిపోతుంది. నలుపుని 30 కన్నా కిందికి దించకు. ఎరుపు కోసం ఒకే ఫొటో నుంచి రంగు తీసుకోకు. సాయంత్రం ఫొటోలో అది నారింజ వైపుకి జరిగి ఉంటుంది. మబ్బు పట్టిన రోజు తీసినవి మూడు నాలుగు చూసి మధ్యస్థంగా ఎంచుకో. నీడలు, మెరుపులు టెక్స్చర్‌లో గియ్యవద్దు. అది సిమ్యులేటర్ చేసే పని.

మెరుపుని చెప్పేది వేరే చిత్రం. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో దాన్ని కాంప్ అంటారు: ఎర్ర చానెల్‌లో సందుల నీడ, ఆకుపచ్చలో గరుకుదనం, నీలంలో లోహం. కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే పడతారు. విమానం అల్యూమినియం కదా అని నీలం చానెల్ మొత్తం తెల్లగా నింపేస్తారు, విమానం క్రోమ్ బొమ్మలా తయారవుతుంది. పైన పెయింటు ఉన్నచోట లోహం విలువ సున్నా. ఇంజన్ మూతి అంచులాంటి పెయింటు లేని చోట్ల మాత్రమే 255. కడిగిన కొత్త పెయింటుకి గరుకుదనం 25 నుంచి 50 మధ్య పెట్టు. ఎండకి మాసిన పాత పెయింటుకి అంతకన్నా పెంచు.

ఎక్స్-ప్లేన్‌కి వెళితే పద్ధతి వేరు. అక్కడ నార్మల్ చిత్రంలోని (ఎగుడుదిగుళ్లు చెప్పేది) నీలం చానెల్ లోహం చెబుతుంది, ఆల్ఫా చానెల్ నునుపు చెబుతుంది. గరుకుదనానికి అది తలకిందులు. ఒకదానికి చేసింది ఇంకోదానికి అలాగే ఎత్తిపెడితే మాసిన చోటు మెరుస్తుంది, మెరవాల్సిన చోటు మాసిపోతుంది.

మురికి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే బొమ్మకీ నిజానికీ తేడా తెలిసేది అక్కడే. ఎగిరే విమానం మీద మరకలు గాలి వాటున వెనక్కి సాగుతాయి, కిందికి కారవు. ప్రధాన చక్రాల గదుల వెనక పొట్ట మీద హైడ్రాలిక్ జిడ్డు, తోక కొసన ఏపీయూ (తోకలోని చిన్న ఇంజన్) పొగ మసి, రివర్సర్ (దిగాక ఇంజన్ గాలిని ముందుకు మళ్లించేది) తెరుచుకునే చోట ఇంజన్ తొడుగు మీద నల్లదనం, డ్రెయిన్ గొట్టాల వెనక సన్న చారలు. వీటిని 5 నుంచి 15 శాతం గాఢతతో వెయ్యి. మురికి పడినచోట కాంప్‌లో గరుకుదనం కూడా పెంచు. లేకపోతే మసి మీద కూడా సూర్యుడు అద్దంలో లాగా మెరుస్తాడు. అన్నిచోట్లా ఒకే బ్రష్‌తో సమానంగా మురికి పూసినవాళ్ల పని చూడగానే తెలిసిపోతుంది.

ఎగుమతి చేసేటప్పుడు కొలతలు 2048, 4096, 8192లోనే ఉండాలి. రంగు చిత్రాన్ని బీసీ7 కుదింపు పద్ధతిలో డీడీఎస్‌గా దాచు, మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూపడానికి అదే చిత్రం చిన్న కాపీలు) తప్పకుండా పెట్టించు. అవి లేకపోతే విమానం దూరంగా ఉన్నప్పుడు ఝరోకాలు మిణుకుమిణుకుమంటాయి. 4096 చదరం ఒక్కటి మిప్‌మ్యాప్‌లతో కలిపి సుమారు 21 ఎంబీ, 8192 అయితే 85 ఎంబీ. అన్నీ 8192 చేస్తే గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలక విమానాశ్రయం మసకబారుతుంది. పెద్దది ఫ్యూజ్‌లాజ్‌కీ తోకకీ మాత్రం పెట్టు, చాలు.

ఇక ఫైళ్లు. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్‌లో నీ రీపెయింట్ కమ్యూనిటీ ఫోల్డర్‌లో ఒక విడి ప్యాకేజీ. ఎయిర్‌క్రాఫ్ట్ సీఎఫ్‌జీలో టైటిల్ వరస వేరే ఏ రీపెయింట్‌తోనూ కలవకూడదు, కలిస్తే రెండింటిలో ఒకటి జాబితాలో కనిపించదు. విమానం అసలు జాబితాలోకే రాకపోతే ముందు లేఅవుట్ జేసన్ (ప్యాకేజీలోని ఫైళ్ల జాబితా) చూడు. ఫైలు కలిపిన ప్రతిసారీ దాన్ని లేఅవుట్ జెనరేటర్‌తో మళ్లీ రాయించాలి, అందులో లేని ఫైలు సిమ్యులేటర్‌కి లేనట్టే. విమానం వచ్చింది కానీ కొన్ని భాగాలు గులాబీ రంగులో ఉంటే, టెక్స్చర్ సీఎఫ్‌జీలోని ఫాల్‌బ్యాక్ దారి (నీ ఫోల్డర్‌లో లేని చిత్రాలను ఎక్కడ వెతకాలో చెప్పేది) తప్పు. 2024 వెర్షన్ కోసం చేసిన విమానాల్లో లివరీ సీఎఫ్‌జీ అని వేరే అమరిక ఉంది, పాత ప్యాకేజీని చూసి దాన్ని చెయ్యబోకు.

ఇక ఫొటో. మన జనవరి నెలకి తిరిగొద్దాం. చలికాలం శంషాబాద్‌లో గాలి సాధారణంగా తూర్పు నుంచి వస్తుంది, కాబట్టి విమానం 09 వైపు, అంటే తూర్పుకి ఎగరాలి. నైరుతి రుతుపవనాల జులైలో అయితే 27, అంటే పడమరకి. జనవరిలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు. నువ్వు రన్‌వేకి దక్షిణాన నిలబడితే వెలుగు పడిన పక్క నీకు కనిపిస్తుంది, ముక్కు ఫ్రేములో కుడివైపు ఉంటుంది, నీ వైపు రెక్క చివర ఆకుపచ్చ దీపం ఉంటుంది. వీటిలో ఏది తలకిందులైనా ఫొటో అబద్ధమే. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మంచి వెలుతురు. సిమ్యులేటర్‌లో యూటీసీ పెడితే ఉదయం 8 గంటలకి 02:30 అని గుర్తుంచుకో. మే నెల రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్ నడినెత్తిన ఉంటాడు. పక్కలు మసకబారి పొట్ట నల్లబడుతుంది, ఆ వేళ వద్దు.

కెమెరాని విమానానికి ఆనించి వెడల్పు కోణంలో తీస్తే ముక్కు ఉబ్బిపోతుంది. 150 మీటర్ల దూరం వెళ్లి జూమ్ చెయ్యి. నిజం కెమెరాలో అది ఫుల్ ఫ్రేమ్ మీద 120 మిల్లీమీటర్ల లెన్సుకి సమానం, అడ్డంగా 17 డిగ్రీల కోణం, 45 మీటర్ల వెడల్పు పడుతుంది. విమానానికి ముందూ వెనకా కాస్త చోటు మిగులుతుంది. ఎత్తు మనిషి కంటి ఎత్తే, లేదా నిచ్చెన ఎక్కిన ఎత్తు. గాల్లో తేలే డ్రోన్ కోణం ఎంత అందంగా ఉన్నా ఫొటోలా ఉండదు.

విమానం ఆ క్షణంలో ఎలా ఉండాలో అలాగే ఉంచు. టేకాఫ్‌కి ఫ్లాప్స్ (రెక్క వెనక అంచు పలకలు) 1+ఎఫ్ దగ్గర, స్పాయిలర్లు (రెక్క మీద లేచే పలకలు) మూసి. మిలమిలలాడే తెల్ల స్ట్రోబ్ దీపాలు రన్‌వే మీదికి వచ్చాకే. ఇంజన్లు ఆగి గేటు దగ్గర ఉంటే ఎర్ర బీకన్ వెలగకూడదు. ల్యాండింగ్‌లో ఏ320 ప్రధాన చక్రాల పెద్ద తలుపులు చక్రాలు దిగాక మళ్లీ మూసుకుంటాయి.

స్క్రీన్‌షాట్ తీసే నిమిషానికి గ్రాఫిక్స్ అమరికల్లో డీఎల్ఎస్ఎస్ తీసేసి టీఏఏ (అంచులు నున్నగా చేసే పద్ధతి) పెట్టి, రెండర్ స్కేల్ 150 శాతం చెయ్యి. ఫ్రేములు పడిపోయినా ఫర్వాలేదు, రిజిస్ట్రేషన్ అక్షరాలు నిలబడతాయి. లెన్స్ ఫ్లేర్ ఆపెయ్. జనవరి ఉదయం మన దగ్గర గాల్లో పొగమంచూ దుమ్మూ ఉంటాయి కాబట్టి వాతావరణంలో ఏరోసాల్ కొంచెం పెంచు, గాజులా స్వచ్ఛమైన ఆకాశం పెట్టకు. పీఎన్‌జీగా దాచి, తర్వాత దిగంతం సమం చేసి, 3:2 నిష్పత్తిలో కత్తిరించి, కాంట్రాస్ట్ కొద్దిగా సర్దు. రంగుల గాఢత పెంచకు. పెంచాలనిపిస్తే టెక్స్చర్‌లో ఎరుపు తప్పని అర్థం, అక్కడికి వెళ్లి సరిచెయ్యి.

నలుగురికీ ఇచ్చేటప్పుడు నీ టెక్స్చర్లు, సీఎఫ్‌జీలు మాత్రమే ఇవ్వు, మోడల్ ఫైళ్లు కలపవద్దు. పెయింట్ కిట్ షరతులు చదువు. ఇంకొకరి రీపెయింట్ నుంచి చిన్న హెచ్చరిక గుర్తు తీసుకున్నా అడిగి తీసుకో, పేరు రాయి. విమానయాన సంస్థ లోగో ఉన్నదాన్ని అమ్మకు. స్క్రీన్‌షాట్ కింద అది సిమ్యులేటర్ బొమ్మ అని రాయి. ప్రమాదానికి గురైన విమానం రిజిస్ట్రేషన్‌తో ఆ ప్రమాద దృశ్యం ఎప్పుడూ తయారుచెయ్యకు. అలాంటి బొమ్మలు నిజం ఫొటోలని తిరుగుతాయి, అందులో ప్రయాణించినవాళ్ల ఇళ్లకూ చేరతాయి.

ఈ ఆదివారంలోగా గళ్ల చిత్రం వేసిన విమానాన్ని ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి, పొట్ట కింద నుంచి తీసి పంపు. ముక్కు దగ్గర గీత ఎంత వంగుతోందో చూశాక, పేరు అక్షరాలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.

మామయ్య