చమురు చట్టం, కార్మికుల అభ్యంతరం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చమురు క్షేత్రాలను విదేశీ కంపెనీలకు దీర్ఘకాలం అప్పగించే వీలు కల్పిస్తూ ఇరాక్‌లో 2007లో తయారైన చమురు చట్టం ముసాయిదాను అక్కడి కార్మిక సంఘాలు వ్యతిరేకించిన తీరుపై పోయిన సంచికలో ఒక వ్యాసం ప్రచురించాము. దానికి స్పందనగా హైదరాబాద్ పాఠకుల నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను గ్యాస్ బాట్లింగ్ ప్లాంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో యూనియన్ అంటే జీతాలు, బోనస్, కాంట్రాక్టు కార్మికుల పర్మినెంటు గురించే మాట్లాడేది. చట్టం ఎలా ఉండాలో తేల్చడం ప్రభుత్వం పని కదా? ఇరాక్ కార్మికులు అందులో ఎందుకు తలదూర్చారు? (ఒక పాఠకుడు, చర్లపల్లి)

అయ్యా, వాళ్లు కూడా జీతాల దగ్గరే మొదలుపెట్టారు. 2003లో అమెరికా సైన్యం ఇరాక్‌ను ఆక్రమించిన కొద్ది నెలలకే దక్షిణ ఇరాక్ నగరమైన బస్రాలోని చమురు కార్మికులు సంఘం కట్టుకుని, ఆక్రమణ పాలనాధికారి పాల్ బ్రెమర్ ప్రకటించిన జీతాల పట్టికను ఎదిరించి మెరుగైన వేతనాలు సాధించారు. యుద్ధంలో దెబ్బతిన్న పైపులైన్లనూ రిగ్గులనూ బయటి కంపెనీల కోసం ఎదురుచూడకుండా చాలాచోట్ల వాళ్లే బాగుచేసుకున్నారు. చమురును ఎవరి చేతుల్లో పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు తమను అడగకపోవడం వాళ్లకు అన్యాయంగా తోచడానికి ఈ అనుభవమే మూలం.

2007 ఫిబ్రవరి 26న ఇరాక్ మంత్రివర్గం ముసాయిదాను ఆమోదించింది. అంతకుముందే, 2006 డిసెంబరులో, ఐదు కార్మిక సమాఖ్యల ప్రతినిధులు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో కలుసుకుని, దేశ సంపదను విదేశీ కంపెనీలకు దీర్ఘకాలం అప్పగించే ఏ చట్టాన్నీ అంగీకరించబోమని ఉమ్మడి ప్రకటన చేశారు. విదేశీ సైన్యం దేశంలో ఉండగా, ప్రజల ముందు చర్చ జరగకుండా, ముప్పై నలభై ఏళ్లపాటు దేశాన్ని కట్టిపడేసే నిర్ణయం తీసుకోవద్దన్నది వాళ్ల మొదటి వాదన. అదే సమయంలో అమెరికా ఈ చట్టాన్ని తొందరపెడుతోంది. 2007 మేలో అక్కడి కాంగ్రెస్ ఇరాక్ ప్రభుత్వానికి నిర్దేశించిన పద్దెనిమిది లక్ష్యాల జాబితాలో చమురు చట్టం కూడా ఒకటి.

రెండో వాదన మరింత లోతైనది. ఇరాక్ చమురును 1972లో జాతీయం చేశారు. అంతకుముందు, 1967లో వచ్చిన 97వ నంబరు చట్టం చమురు క్షేత్రాలను జాతీయ చమురు కంపెనీకి అప్పగించి, వాటిలో బయటివారితో ఒప్పందం చేసుకోవాలంటే దానికి విడిగా చట్టం చేయాలని చెప్పింది. కొత్త ముసాయిదా ఆ అధికారాన్ని ఒక సమాఖ్య చమురు, గ్యాస్ మండలికి బదిలీ చేయబోయింది. అంటే ఒక్కొక్క ఒప్పందమూ ప్రజాప్రతినిధుల సభ ముందుకు రావలసిన అవసరం పోతుంది. జీతం కన్నా ఇది పెద్ద విషయమని చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్లు గుర్తించారు. అది తలదూర్చడం కాదని, పౌరులుగా వాళ్లు చేయవలసిన పనేనని నా నమ్మకం.

ప్రశ్న: ఉత్పత్తి పంపక ఒప్పందాలను యూనియన్లు అంతగా ఎందుకు వ్యతిరేకించాయి? పెట్టుబడి, టెక్నాలజీ తెచ్చేవాడికి వాటా ఇవ్వడంలో తప్పేముంది? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, మెహిదీపట్నం)

అమ్మా, పొలం ఉన్న రైతు దాన్ని పాలుకు ఇవ్వవచ్చు, లేదా కూలికి మనుషులను పెట్టుకుని తానే సాగు చేసుకోవచ్చు. పాలుకు ఇస్తే పంటలో వాటా అవతలివాడిది, కూలికి పెట్టుకుంటే పంట మొత్తం రైతుదే. బీడు భూమి, నీళ్లు పడతాయో లేదో తెలియని భూమి అయితే పాలుకు ఇవ్వడంలో అర్థముంది, ఎందుకంటే నష్టం భయాన్ని అవతలివాడు కూడా పంచుకుంటున్నాడు. బోరు నిండా నీళ్లున్న భూమిని పాలుకు ఇమ్మంటే ఏ రైతైనా ఆలోచిస్తాడు.

ఉత్పత్తి పంపక ఒప్పందం పాలు లాంటిది, కంపెనీ తీసిన చమురులోనే వాటా తీసుకుంటుంది. సర్వీసు కాంట్రాక్టు కూలి లాంటిది, కంపెనీకి రుసుము మాత్రమే దక్కుతుంది. ఇరాక్ పరిస్థితి నీళ్లున్న భూమి లాంటిది. అప్పటి లెక్కల్లోనే 11,500 కోట్ల బ్యారెళ్ల నిరూపిత నిల్వలు, అందులో అధిక భాగం నేల మీద, తక్కువ లోతులో, తక్కువ ఖర్చుతో తీయగలిగినవి. వెతికి విఫలమయ్యే భయం దాదాపు లేని చోట, ఆ భయానికి ప్రతిఫలంగా ఇచ్చే వాటాను ఎందుకు ఇవ్వాలని సంఘాలు అడిగాయి. విమర్శలు పెరిగాక ముసాయిదాలో 'ఉత్పత్తి పంపకం' అన్న మాట తొలగించారు గాని, అలాంటి ఒప్పందాలకు దారి మూయలేదు. టెక్నాలజీ వద్దని సంఘాలు అనలేదన్నది గమనించాలి. కావలసిన పరిజ్ఞానాన్ని రుసుము ఇచ్చి సర్వీసు కాంట్రాక్టు కింద తెచ్చుకుని, చమురు మీద యాజమాన్యాన్నీ ఎంత తీయాలన్న నిర్ణయాన్నీ దేశం చేతిలో ఉంచాలన్నారు.

పంపక ఒప్పందంలో ఇంకొక చిక్కు ఉంది. తవ్విన కంపెనీ ముందు తన ఖర్చును రాబట్టుకుంటుంది, మిగిలిన దానిలోనే ప్రభుత్వానికి లాభవాటా వస్తుంది. ఖర్చు పెరిగినకొద్దీ ప్రభుత్వ వాటా వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఆ ఖర్చు న్యాయమైనదా కాదా అన్న తగాదా ఎప్పటికీ తెగదు. దీనికి ఉదాహరణ కోసం మనం బస్రా దాకా వెళ్లనక్కరలేదు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రంలో అభివృద్ధి వ్యయం అంచనా సుమారు 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు పెరిగింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందనుకున్న గ్యాస్ ఆ స్థాయిని అందుకోకుండానే తగ్గుముఖం పట్టింది. ఇలాంటి ఒప్పందాలు ఖర్చు పెంచుకోవడానికి వీలిస్తున్నాయని 2011లో కాగ్ నివేదిక ఎత్తిచూపింది. ఆ తరువాత ఆర్థికవేత్త సి. రంగరాజన్ కమిటీ సూచన మేరకు, ఖర్చుతో సంబంధం లేకుండా ప్రభుత్వం ఆదాయంలోనే వాటా తీసుకునే ఆదాయ పంపకం వైపు ఆలోచన మళ్లింది, 2016లో కొత్త విధానంలో కేంద్రం దాన్నే ఎంచుకుంది. లోతైన సముద్రంలో వెతుకులాట కోసం ఇచ్చిన ఒప్పందమే మన ప్రభుత్వాన్ని ఇంత ఇబ్బంది పెట్టినప్పుడు, చేతికందే చమురు మీద అలాంటిదే వద్దన్న బస్రా కార్మికుల మాటను ఛాందసం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ప్రశ్న: ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు ఆ నాయకులకు ఏమైంది? (ఒక పాఠకురాలు, రాంనగర్)

చట్టం దృష్టిలో బస్రా చమురు కార్మికుల సంఘానికి అసలు ఉనికే లేదన్నది ముందుగా తెలుసుకోవాలి. సద్దాం హుస్సేన్ 1987లో తెచ్చిన 150వ నంబరు చట్టం ప్రభుత్వ రంగ కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును తీసేసింది. సద్దాం పోయాక అతని చట్టాలు అనేకం పోయాయి గాని ఇది మాత్రం పోలేదు, అధికారంలోకి వచ్చినవారు అవసరమైనప్పుడల్లా దాన్నే వాడుకున్నారు.

2007 జూన్‌లో బస్రా పైపులైను కార్మికులు సమ్మెకు దిగారు. వేతన బకాయిలు, పని పరిస్థితులతో పాటు చమురు చట్టంపై తమను సంప్రదించాలన్నది కూడా వారి డిమాండ్లలో ఉంది. ప్రధాని నూరీ అల్ మాలికీ ప్రభుత్వం నాయకులపై అరెస్టు వారెంట్లు జారీ చేసి, సమ్మె చేస్తున్నవారి చుట్టూ సైన్యాన్ని మోహరించింది. సంఘం వెనక్కి తగ్గలేదు, కొద్ది రోజులకే ప్రభుత్వం చర్చలకు వచ్చింది. మరుసటి నెలలోనే చమురు మంత్రి హుస్సేన్ అల్ షహ్రిస్తానీ, చట్టబద్ధత లేని సంఘాలతో ఎలాంటి వ్యవహారమూ వద్దని తన శాఖ కింది కంపెనీలను ఆదేశించారు. సంఘం అధ్యక్షుడు హసన్ జుమా అవాద్‌పై 2013లో సమ్మెలకు ప్రేరేపించారంటూ కేసు పెట్టారు, అది కోర్టులో నిలబడలేదు. పేరు తెలిసిన నాయకుడి సంగతి ఇది. పేరు తెలియని కార్మికులను దూర ప్రాంతాలకు బదిలీ చేయడం, జరిమానాలు వేయడం మామూలు సంగతిగా సాగింది.

సంఘ స్వేచ్ఛకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒడంబడికను ఇరాక్ 2018లో ఆమోదించింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు, ఇది మనకు గర్వకారణం కాదు.

ప్రశ్న: చట్టం ఆగిపోయింది సరే, దానివల్ల ఇరాక్ ప్రజలకు ఒరిగిందేమిటి? (ఒక బ్యాంకు ఉద్యోగి, సికింద్రాబాద్)

ఆ ముసాయిదా ఆగడం కార్మికుల ఒక్కరి ఘనత కాదు. ఆదాయ పంపిణీపైన, ఒప్పందాల అధికారంపైన బాగ్దాద్‌లోని కేంద్ర ప్రభుత్వానికీ ఉత్తర ఇరాక్‌లోని కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వానికీ కుదరని తగాదా దాన్ని ఎక్కువగా ఆపింది. అయితే పంపక ఒప్పందాలను జనం ఒప్పుకోరన్న వాతావరణం సంఘాల ప్రచారం వల్ల ఏర్పడింది. 2009 జూన్ 30న బాగ్దాద్‌లో టీవీ కెమెరాల ముందు జరిగిన వేలంలో ప్రభుత్వం ఇవ్వజూపినది సర్వీసు కాంట్రాక్టులనే. రుమైలా చమురు క్షేత్రాన్ని బ్రిటన్ కంపెనీ బీపీ, చైనా జాతీయ చమురు సంస్థల కూటమి అదనంగా తీసే ప్రతి బ్యారెల్‌కు 2 డాలర్ల రుసుముకు ఒప్పుకుని దక్కించుకుంది. ఇలాంటి షరతులకు పెద్ద కంపెనీలు రావని ముందు జోస్యం చెప్పినవారు చాలామంది ఉన్నారు.

నష్టం కూడా జరిగింది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. జాతీయ స్థాయిలో చట్టం లేకపోగా, కుర్దిస్తాన్ ప్రాంతం 2007లోనే సొంత చట్టం చేసుకుని పంపక ఒప్పందాలు కుదుర్చుకుంది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని 2022 ఫిబ్రవరిలో ఇరాక్ సమాఖ్య సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి పదిహేనేళ్లు గడిచాయి. అసలు చట్టమే వద్దని సంఘాలు అడగలేదు, ప్రజల ముందు చర్చించి మంచి చట్టం చేయమన్నాయి. అది చేయకపోయిన బాధ్యత పాలకులదే.

ప్రశ్న: మన దేశంలో చమురు ఉద్యోగులు ఇలా చట్టాల గురించి పోరాడిన సందర్భం ఉందా? (ఒక న్యాయవాది, బాగ్‌లింగంపల్లి)

ఉంది, అందులో గెలుపూ ఉంది, ఓటమీ ఉంది. ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ అనే విదేశీ చమురు కంపెనీలను 1974, 1976, 1977 సంవత్సరాల్లో వేర్వేరు చట్టాలతో దేశం స్వాధీనం చేసుకుంది. ఎస్సో, కాల్టెక్స్ హెచ్‌పీసీఎల్‌లో చేరాయి, బర్మా షెల్ బీపీసీఎల్ అయింది. విశాఖ రిఫైనరీ కూడా ఒకప్పుడు కాల్టెక్స్‌దే. కేంద్రం హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్‌లలో మెజారిటీ వాటాలు అమ్మజూపినప్పుడు ఒక ప్రజాప్రయోజన సంస్థతో పాటు చమురు రంగ అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టంతో తీసుకున్న సంస్థలను ఆ చట్టాలు సవరించకుండా అమ్మడానికి వీల్లేదని 2003 సెప్టెంబరు 16న కోర్టు తీర్పు ఇచ్చింది. పార్లమెంటు ముందుకు రావలసిందేనన్న ఆ మాట, బస్రా కార్మికులు అడిగిన మాటా ఒకటే.

ఓటమి పెద్దగా ఎవరి కంటా పడకుండా జరిగింది. 2016లో కాలం చెల్లిన చట్టాల రద్దు పేరుతో చేసిన చట్టంలో బర్మా షెల్ స్వాధీన చట్టం కూడా చేరిపోయింది. 2003 తీర్పు ఆధారపడిన పునాది అలా ఒక పట్టికలోని ఒక పంక్తితో తొలగింది. 2019 నవంబరులో కేంద్ర మంత్రివర్గం బీపీసీఎల్‌లో ప్రభుత్వ వాటా 53.29 శాతం అమ్మాలని నిర్ణయించినప్పుడు ఉద్యోగులు సమ్మె చేశారు, కాని ఈసారి పార్లమెంటును తప్పనిసరి చేసే చట్టం వారి చేతిలో లేదు. చివరికి బరిలో ఒక్క కొనుగోలుదారే మిగలడంతో 2022 మేలో ప్రభుత్వమే ఆ ప్రక్రియను రద్దు చేసింది.

న్యాయవాదిగా మీరు 2025 మార్చిలో లోక్‌సభ ఆమోదం పొందిన చమురు క్షేత్రాల సవరణ చట్టాన్ని కూడా చదవాలని కోరుతున్నాను. 1948 నాటి మూలచట్టంలో నిబంధనల ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉండేది. దాన్ని తీసేసి 25 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. పెద్ద కంపెనీకి ఆ మొత్తం ఏపాటి భయం కలిగిస్తుందో, బావి దగ్గర నిలబడి పనిచేసేవాడి భద్రతకు అది సరిపోతుందో లేదో చెప్పవలసినవాళ్లలో ఆ కార్మికులే మొదటివారు. మీరు, మీ తోటి న్యాయవాదులు ఆ చట్టాన్ని తెలుగులో సులభంగా వివరించి పంపితే వచ్చే సంచికల్లో చోటు కల్పిస్తాము.