మధ్యపదం ఎక్కడి నుంచి వచ్చింది? (పాఠకుల గణిత ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బహుపదుల కారణాంక విభజన గురించే కావడంతో, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయించాను. పాఠ్యపుస్తకాలలో ఎక్స్ అని కనిపించే చరరాశిని ఇక్కడ ‘య’ అని రాస్తున్నాను. భాస్కరాచార్యుడు తన బీజగణిత గ్రంథంలో తెలియని రాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, దాన్ని కుదించి ‘యా’ అని రాశాడు. ఈ అక్షరం అక్కడి నుంచి తెచ్చుకున్నదే.

ప్రశ్న: మాస్టారూ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. రెండు ద్విపదులను గుణించమంటే తప్పు లేకుండా చేస్తాను. కానీ 6య² + 5య − 6 వంటి దానిని కారణాంకాలుగా విడగొట్టమంటే, సరిపడే రెండు సంఖ్యలు తోచేదాకా అలా చూస్తూ కూర్చుంటున్నాను. తోస్తే లెక్క రెండు నిమిషాల్లో అయిపోతుంది; తోచకపోతే పేజీ నిండా కొట్టివేతలే. మొదటి గుణకాన్నీ చివరి సంఖ్యనూ అసలు ఎందుకు గుణించాలి? సంఖ్యలు దొరకనప్పుడు తప్పు నాదో, ఆ బహుపదికి కారణాంకాలే లేవో ఎలా తెలుస్తుంది?
(ఒక విద్యార్థిని)

జవాబు: అమ్మా, గుణకారం తప్పు లేకుండా చేస్తానన్నావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. (య + 3)(య + 4) ను గుణించేటప్పుడు నీ చేయి వేగంగా య² + 7య + 12 అని రాసేస్తుంది. ఒక్కసారి ఆ వేగం తగ్గించి, నడుమ వచ్చే మెట్టును కూడా కాగితం మీద పెట్టి చూడు: య² + 4య + 3య + 12. పుట్టినవి నాలుగు పదాలు. వాటిలో 4య, 3య సజాతి పదాలు కాబట్టి కలిసిపోయి 7య అయ్యాయి. కలిసిన తరువాత ఆ 7 తనంతట తానుగా, నేను 4, 3 కలిసి అయినదాన్ని అని చెప్పదు. 1, 6 కలిసినా 7 వస్తుంది. 2, 5 కలిసినా వస్తుంది. కారణాంక విభజనలో కష్టమంతా ఈ ఒక్కచోటే ఉంది. కలిసిపోయిన మధ్యపదాన్ని అది పుట్టినప్పటి రెండు ముక్కలుగా మళ్ళీ విడదీయగలిగితే, మిగిలిన పని ఉమ్మడి కారణాంకాన్ని బయటకు తీయడమే.

ఏ రెండు ముక్కలో చెప్పే సాక్ష్యం చివరి పదం దగ్గర ఉంది. ఆ రెండు సంఖ్యల మొత్తం 7 అయితే, వాటి లబ్ధమే 12. కాబట్టి 3, 4 తప్ప వేరే జత కుదరదు. ఇది య² గుణకం 1 అయినప్పటి సంగతి. నీ లెక్కలో ఆ గుణకం 6. అందుకని నీ లెక్క జవాబునే ముందుగా తీసుకుని, ముందుకు గుణించి చూద్దాం: (2య + 3)(3య − 2). మొదటి పదం గుణకం 2 × 3, అంటే 6. చివరి పదం 3 × (−2), అంటే −6. మధ్యపదంలోని రెండు ముక్కలలో ఒకటి 2 × (−2) = −4; రెండవది 3 × 3 = 9. ఇప్పుడు ఆ రెండు ముక్కలనూ గుణించి చూడు. అందులో పాల్గొనేవి 2, −2, 3, 3 అనే నాలుగు సంఖ్యలు. మొదటి గుణకాన్నీ చివరి సంఖ్యనూ గుణిస్తే వచ్చేది కూడా 2, 3, 3, −2 ల లబ్ధమే. సంఖ్యలు అవే నాలుగు, వాటిని జతచేసిన తీరు మాత్రమే మారింది. అందువల్ల మధ్య ముక్కల లబ్ధం ఎప్పుడూ మొదటి గుణకం, చివరి సంఖ్యల లబ్ధానికి సమానంగా ఉంటుంది. ఇక్కడ అది −36. నువ్వు వెతకవలసినవి మొత్తం 5, లబ్ధం −36 అయ్యే రెండు సంఖ్యలు.

ఇక తోచడం గురించి. లబ్ధం ధనాత్మకమైతే రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు ఉంటుంది, అది మధ్యపదం గుర్తే. లబ్ధం రుణాత్మకమైతే గుర్తులు వేరవుతాయి, పెద్దదానికి మధ్యపదం గుర్తు వస్తుంది. ఈ ఒక్క పరిశీలనతోనే వెతుకులాట సగానికి తగ్గిపోతుంది. తరువాత 36 ను వరుసగా విడగొట్టు: 1, 36; 2, 18; 3, 12; 4, 9; 6, 6. వీటిలో భేదం 5 ఉన్న జత 4, 9 ఒక్కటే. పెద్దదైన 9 ధనాత్మకం, 4 రుణాత్మకం. కాబట్టి

6య² + 9య − 4య − 6 = 3య(2య + 3) − 2(2య + 3) = (2య + 3)(3య − 2).

ఈ వరుసలో నేను దిద్దిన నోటుపుస్తకాలలో అన్నిటికంటే ఎక్కువ తప్పులు కనిపించే చోటు ఒకటి ఉంది. −4య − 6 నుంచి −2 ను బయటకు తీసినప్పుడు కుండలీకరణంలో మిగిలేది 2య + 3. చాలామంది 2య − 3 అని రాసి, రెండు కుండలీకరణాలూ ఒకేలా లేవు కాబట్టి తాము ఎంచుకున్న సంఖ్యలే తప్పనుకుని, సరైన జతను కొట్టేస్తారు. నీ పేజీలోని కొట్టివేతల్లో కొన్ని ఇలాంటివే అయి ఉండవచ్చు, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకో. ముక్కలను ఏ వరుసలో రాసినా ఫలితం మారదన్నది కూడా గుర్తుంచుకో: 6య² − 4య + 9య − 6 అని రాస్తే 2య(3య − 2) + 3(3య − 2) వస్తుంది, కారణాంకాలు అవే.

నీ చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే దొరకకపోవడానికి కూడా రుజువు కావాలని అడిగావు. య² + 4య + 6 ను తీసుకో. 6 ను పూర్ణసంఖ్యలుగా విడగొట్టే తీరులు 1, 6; 2, 3; వాటి రుణాత్మక రూపాలు. వాటి మొత్తాలు 7, 5, −7, −5. వీటిలో 4 లేదు. జాబితా పూర్తిగా రాశావు కాబట్టి, పూర్ణసంఖ్యల గుణకాలతో ఈ బహుపదికి కారణాంకాలు లేవని నువ్వు నిరూపించినట్టే. జాబితా రాయకుండా మనసులోనే అక్కడక్కడా వెతికితే మాత్రం ఆ మాట అనే హక్కు మనకు లేదు.

సంఖ్యలు పెద్దవై జాబితా పొడవైతే మరో దారి ఉంది. రెండు సంఖ్యల మొత్తపు వర్గంలోనుంచి వాటి లబ్ధానికి నాలుగు రెట్లను తీసివేస్తే, వాటి భేదపు వర్గం వస్తుంది. నీ లెక్కలో 25 + 144 = 169, అది 13 కు వర్గం. మొత్తం 5, భేదం 13. కాబట్టి ఒక సంఖ్య 5, 13 ల మొత్తంలో సగం, అంటే 9. రెండవది 5 లోనుంచి 13 తీసివేయగా వచ్చిన −8 లో సగం, అంటే −4. ఇలా మొత్తమూ భేదమూ తెలిసినప్పుడు రెండు రాశులను కనుక్కోవడాన్ని మన ప్రాచీన గణితజ్ఞులు సంక్రమణం అన్నారు. ఇందులో తోచడం అనే మాటే లేదు. ఆ 169 స్థానంలో సంపూర్ణ వర్గం కాని సంఖ్య వస్తే, పూర్ణసంఖ్యలతో విభజన లేదని అప్పుడే తేలిపోతుంది. పై తరగతిలో దీనినే విచక్షణి అనే పేరుతో నేర్చుకుంటావు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి (య − 2)(య − 3) = 6 అనే సమీకరణంలో య − 2 = 6, య − 3 = 6 అని రాసి 8, 9 అని జవాబు తేల్చాడు. తప్పని తెలుస్తోంది కానీ ఎందుకు తప్పో నేను చెప్పలేకపోయాను. ఇంకొక మాట, కారణాంకాలు కనుక్కోవడం పరీక్ష దాటిన తరువాత దేనికైనా అక్కరకొస్తుందా?
(ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఒక మంచి పద్ధతిని అది చెల్లని చోట వాడాడు. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటైనా సున్నా కావాలి. ఈ గుణం సున్నాకు మాత్రమే ఉంది. లబ్ధం 6 అయినంత మాత్రాన ఒకటి 6 కానక్కరలేదు. 2, 3 కావచ్చు, −2, −3 కావచ్చు, సగమూ పన్నెండూ కావచ్చు. అందుకే ముందు కుడివైపు సున్నా ఉండేలా చూసుకోవాలి. గుణిస్తే య² − 5య + 6 = 6. ఇరువైపులా 6 తీసివేస్తే య² − 5య = 0, అంటే య(య − 5) = 0. జవాబులు 0, 5. బాబు చేత వాటిని మొదటి సమీకరణంలో ప్రతిక్షేపించి చూపించమనండి: (−2)(−3) = 6, 3 × 2 = 6. తరువాత తన 8 ని కూడా పెట్టి చూడమనండి, 6 × 5 = 30 వస్తుంది. తప్పును వాడే పట్టుకుంటాడు. య² = 5య దగ్గర ఇరువైపులా య తో భాగించవద్దని కూడా చెప్పండి, అలా చేస్తే 0 అనే జవాబు చేజారిపోతుంది.

అక్కరకొస్తుందా అని అడిగారు. 9991 ప్రధాన సంఖ్యా కాదా అని అడిగితే భాగహారాలు చేస్తూ పోనక్కరలేదు. అది 100² − 3², కాబట్టి (100 − 3)(100 + 3), అంటే 97 × 103. ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా 1643లో రాసిన ఒక ఉత్తరంలో 2027651281 అనే సంఖ్యను ఇదే సూత్రంతో విడగొట్టాడు. దాని వర్గమూలం 45029 కంటే కొంచెం ఎక్కువ కాబట్టి, 45030 నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క సంఖ్య వర్గంలోనుంచి దీనిని తీసివేస్తూ, మిగిలినది సంపూర్ణ వర్గమా అని చూస్తూ పోవాలి. 12వ ప్రయత్నంలో, 45041 దగ్గర, 1040400 మిగులుతుంది. అది 1020 కి వర్గం. అంటే ఆ సంఖ్య 45041² − 1020², కారణాంకాలు 44021, 46061. సాధారణ భాగహారంతో వెళ్ళి ఉంటే వేల ప్రయత్నాలు పట్టేవి. ఏ² − బి² = (ఏ + బి)(ఏ − బి) అని మీ అబ్బాయి ఇప్పుడు కంఠస్థం చేస్తున్న ఆ ఒక్క వరుసే ఇంత పని చేసింది.

ప్రశ్న: నేను కొత్తగా గణితం బోధిస్తున్నాను. సూత్రం చెప్పగానే పిల్లలు లెక్కలు చేస్తున్నారు, నెల తిరిగేసరికి మరిచిపోతున్నారు. బొమ్మలతో చెప్పే మార్గం ఉందా?
(ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: ఉంది, మాస్టారూ. అట్టతో మూడు రకాల ముక్కలు కత్తిరించండి: భుజం య ఉన్న పెద్ద చతురస్రం, పొడవు య, వెడల్పు 1 ఉన్న పట్టీలు, భుజం 1 ఉన్న చిన్న చతురస్రాలు. య పొడవు చిన్న చతురస్రాల వరుసతో సరిగ్గా కొలవడానికి వీలు లేకుండా చూసుకోండి, లేకపోతే పిల్లలు దాన్ని ఒక సంఖ్యగా భావిస్తారు. ఒక పెద్ద చతురస్రం, 7 పట్టీలు, 12 చిన్నవి ఇచ్చి, ఖాళీ లేకుండా ఒకే దీర్ఘచతురస్రంగా పేర్చమనండి. కొందరు 12 చిన్నవాటిని రెండు వరుసలుగా, వరుసకు ఆరుగా పెడతారు. అప్పుడు 8 పట్టీలు కావలసి వచ్చి ఒకటి తక్కువ పడుతుంది. వెంటనే సరిదిద్దకండి. ఆ తక్కువ పడిన పట్టీ దగ్గర కాసేపు ఆగనివ్వండి. మూడు వరుసలుగా, వరుసకు నాలుగుగా మార్చగానే ఏడు పట్టీలూ అమరిపోతాయి, రెండు భుజాలూ య + 3, య + 4 అని వాళ్ళే చదువుతారు. రుణాత్మక పదాలకు ఈ ముక్కలు అంత సహజంగా సరిపోవు కాబట్టి, మొదటి వారం తరువాత వాటిని పక్కన పెట్టడమే మంచిదని నా అనుభవం.

ప్రశ్న: య² − 9 విడిపోతుంది, య² + 9 విడిపోదు. వర్గాల మొత్తం ఎప్పటికీ విడిపోదని రాసుకోవచ్చా?
(ఇంకొక విద్యార్థి)

జవాబు: రాసుకోకు బాబూ. య² + 9 వరకు నీ మాట నిజమే: మొత్తం 0, లబ్ధం 9 అయ్యే వాస్తవ సంఖ్యలు రెండు ఉండవు, ఎందుకంటే భేదపు వర్గం −36 కావలసి వస్తుంది. య² − 2 సంగతి వేరు. దానికి అకరణీయ సంఖ్యలలో కారణాంకాలు లేవు, వాస్తవ సంఖ్యలలో (య + √2)(య − √2) ఉన్నాయి. విడిపోదు అన్నప్పుడల్లా ఏ సంఖ్యలతో అన్నది కూడా చెప్పాలి.

ఇప్పుడు య⁴ + 4 ను చూడు. ఇదీ రెండు వర్గాల మొత్తమే. దీనికి 4య² కలిపి, మళ్ళీ 4య² తీసివెయ్యి: య⁴ + 4య² + 4 − 4య². మొదటి మూడు పదాలు (య² + 2)², చివరిది (2య)². వర్గాల మొత్తం కాస్తా వర్గాల భేదంగా మారింది, కారణాంకాలు (య² + 2య + 2)(య² − 2య + 2). ఫ్రెంచ్ గణితజ్ఞురాలు సోఫీ జెర్మెయిన్ పేరుతో పిలిచే సర్వసమీకరణం ఇదే. నువ్వు వేసుకున్న ఊహలాంటిదే వేసుకుని పొరబడిన మహామహులు ఉన్నారు. 1702లో జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిజ్ అంతటివాడు య⁴ + ఏ⁴ రూపంలో ఉన్న బహుపదులను వాస్తవ సంఖ్యల గుణకాలున్న రెండు వర్గ బహుపదులుగా విడగొట్టలేమని రాశాడు. మధ్యలో 2ఏ²య² కలిపి తీసివేస్తే అవి విడిపోతాయి. నోటుపుస్తకంలో ఆ వాక్యానికి బదులు ఈ విభజన రాసుకుని, య స్థానంలో 10 పెట్టి చూడు: ఎడమవైపు 10004, కుడివైపు 122 × 82.