వైజాగ్ ఎయిర్‌పోర్టులో ఫోటోలు ఎందుకు తీయనివ్వరు? యుద్ధం నాటి కథలు నిజమేనా?

విమానం ఆగగానే 'ఇది డిఫెన్స్ ఎయిర్‌ఫీల్డ్, ఫోటోలు తీయకండి' అని చెబుతారు కదా, మామూలు ఎయిర్‌పోర్టుకి ఇంత హడావుడి ఎందుకని మీరు అడిగారు. నేను గోపాలపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇప్పుడు ఉండేది ఎయిర్‌పోర్టు దగ్గర్లోని ఎన్ఏడీ కూడలిలో. నాకు తెలిసింది చెబుతాను. మనం దాన్ని మన ఎయిర్‌పోర్టు అంటాం గానీ, అక్కడ మనం అద్దెకున్నవాళ్లం. ఇల్లు నేవీది.

రెండో ప్రపంచ యుద్ధంలో వైజాగ్ మీద బాంబులు పడ్డాయంటారు కదా, అది నిజమే. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన హార్బరు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. మా నాయనమ్మ వాళ్లు అప్పుడు వన్‌టౌన్‌లో ఉండేవారు. ఆవిడకి తారీఖులు తెలీవు. 'జపానోడు బాంబులేసినప్పుడు మీ పెదనాన్న నా కడుపులో ఉన్నాడ్రా' అనేది. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, బండి కట్టించుకుని చోడవరం వైపు పుట్టింటికి వెళ్లిపోయారట. పెదనాన్నని బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ అడిగితే, బాంబులు పడ్డ రోజు నుంచి నెలలు లెక్కబెట్టి రాయించారు. రిటైర్మెంటు కూడా ఆ లెక్క ప్రకారమే అయింది!

అప్పట్లో వైజాగ్‌కి దిక్కు ఏమిటంటే, ఎయిర్‌ఫోర్స్ వాలంటీర్ రిజర్వుకి చెందిన ఆరో నంబరు కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్, అంటే తీరానికి కాపలా కాసే చిన్న విమాన దళం. ఇలాంటి దళాల్లో చాలామంది ఫ్లయింగ్ క్లబ్బుల్లో విమానం నడపడం నేర్చుకుని యుద్ధంలోకి వచ్చినవాళ్లు. చేతిలో ఉన్నవి వాపిటి విమానాలు. రెండు జతల రెక్కలు, పైన కప్పు లేదు, ముసలి సరుకు. మన వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ 1933లో కరాచీలో మొదలైంది నాలుగు వాపిటీలతోనే. సముద్రం మీద గస్తీ తిరగడానికి, ఓడలకు కాపలా కాయడానికి పనికొచ్చేవి. వాటితో జపాన్ విమానాలని అడ్డుకోవడం అయ్యే పని కాదు.

యుద్ధం అయ్యాక చాలా ఏళ్లకి, 1981లో, రోజుకో విమానంతో ప్రయాణికుల సర్వీసు మొదలైంది. 1991లో నేవీ ఇక్కడ ఐఎన్ఎస్ డేగా అనే తన విమాన స్థావరాన్ని అధికారికంగా ప్రారంభించింది. పేరు మన డేగే. పాత రన్‌వే ఆరువేల అడుగులు, 2007లో పదివేల అడుగుల కొత్తది వచ్చాక పెద్ద విమానాలు దిగడం మొదలుపెట్టాయి. ఆ రన్‌వే కూడా నేవీదే, టవర్‌లో కూర్చునేదీ వాళ్లే. టెర్మినల్ వరకే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది.

ఇక్కడ నేవీ పైలట్లకి శిక్షణ కూడా నడుస్తుంటుంది. 2013 నవంబరులో నేవీ తన హాక్ శిక్షణ జెట్లని ప్రారంభించింది ఇక్కడే (హాక్ అన్నా డేగే, ఇదెవరికి తట్టిందో గానీ). మా మేడ మీద బట్టలు ఆరేస్తూ చూస్తుంటాను. ఒకే విమానం వచ్చి, చక్రాలు నేలకి ఆనించి, ఆగకుండా మళ్లీ లేచిపోతుంది. కాసేపటికి మళ్లీ అదే. కొత్తవాడెవడో నేర్చుకుంటున్నాడని అర్థం. మా ఆవిడ ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆపేసి, శబ్దం పోయాక ఆపిన అక్షరం దగ్గర్నుంచే అందుకుంటుంది. ఎన్ఏడీలో ఉండేవాళ్లందరికీ ఈ అలవాటుంది. మీ విమానం గంట ఆలస్యమైతే కంపెనీనే తిట్టకండి, ఒక్కోసారి నేవీ పని అయ్యేదాకా ఆగాల్సిందే.

ఫోటోల సంగతికొస్తే, మా అమ్మాయి ఒకసారి విమానం మెట్లు దిగుతూ సెల్ఫీ తీసింది. కింద ఉన్న సెక్యూరిటీ ఆయన మర్యాదగానే 'అమ్మా, డిలీట్ చేసేయండి' అన్నాడు. డిలీటెడ్ ఫోల్డర్లోంచి కూడా తీసేసేదాకా పక్కనే నిలబడ్డాడు. నాకైతే చెమటలు పట్టాయి. సెల్ఫీలో మా వెనక హెలికాప్టర్ల షెడ్డు పడిందట.

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు వల్ల పాతది మూతపడిపోతుందా అని కూడా అడిగారు. ప్రయాణికులు అటు వెళ్లినా డేగా ఎక్కడికీ పోదు. మా ఆవిడ ఫోన్ కాల్స్ ఇలాగే ఆగుతూ సాగుతాయి.

ఇదంతా కళ్లారా చూడాలనుంటే బీచ్ రోడ్డుకి వెళ్లండి. విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్లు వేసిన బాంబు ఒకటి పెట్టారు. మా అమ్మాయి దాన్ని చూసి 'మీ నాయనమ్మ ఏ దారిన పరిగెత్తింది?' అని అడిగింది, చెప్పలేకపోయాను. అదే రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా నేవీ వాడిన టీయూ-142 అనే నిఘా విమానం ఉంది. అది 2017లో తమిళనాడులోని అరక్కోణం నుంచి ఎగురుతూ వచ్చి దిగింది డేగాలోనే. అక్కడే ముక్కలుగా విప్పి, రోడ్డు మీద తెచ్చి, బీచ్‌లో మళ్లీ బిగించారు. దాని ముందు నిలబడి ఎన్ని సెల్ఫీలైనా తీసుకోవచ్చు.