లాడ్జి కథ పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

ఏసీ పనిచెయ్యదు, గీజర్ పనిచెయ్యదు, దుప్పటికి మరకలు, కింద బార్ గోల, పొద్దున బిల్లు దగ్గర గొడవ. నీ కథలో విత్తనాల కంపెనీ సేల్స్ ఆఫీసర్ నాలుగు పేజీలు ఇదే చెప్పాడు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి లాడ్జి అన్నావు. ఆ పేరు కొట్టేసి వరంగల్ అని రాసినా ఒక్క వాక్యం మార్చే పని లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

కానీ రూమ్ బాయ్ నీళ్ల జగ్గు తెచ్చి, నవ్వబోయి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడని రాశావు. అక్కడ ఆగిపోయాను. పళ్లకు గోధుమరంగు మచ్చలు. గుట్కా అనుకుని నీ ఆఫీసర్ బాటిల్ నీళ్లు తెమ్మన్నాడు. నువ్వూ అదే అనుకుని ముందుకు పోయావు. ఆ పిల్లవాడిది మర్రిగూడ అని నువ్వే రాశావు కదా!

అవి గుట్కా మరకలు కావు. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, ఏడెనిమిదేళ్ల లోపు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. ఎంత తోమినా పోవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఎన్నో బోర్లలో అది దాటింది. మరగబెట్టినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. 2004 నుంచి కృష్ణా నీళ్లు మన జిల్లా మీదుగా పైపుల్లో హైదరాబాద్ పోతుంటే, ఈ ఊళ్లు చాలా ఏళ్లు బోరింగు కొట్టుకుంటూనే ఉండిపోయాయి. కథలో మనుషులు ఏ నీళ్లు తాగి పెరిగారో తెలుసుకోకుండా కలం పట్టొద్దు.

నేనూ పురుగుమందుల ఆర్డర్ల కోసం తిరిగినవాణ్ణే. దేవరకొండలో ఫ్యాన్ తిరగని లాడ్జి గదిలో, ఆర్డర్ బుక్కు వెనక పేజీల మీద మొదటి కథ రాశాను. బాల్చీ అంచుకు పేరుకున్న తెల్లటి ఉప్పు గురించి ఒక పేరా ఉండేది. వారపత్రిక ఎడిటర్ ఆ పేరా తీసేశాడు. 'బోరింగు' కొట్టేసి 'చేతిపంపు' అని దిద్దాడు. అచ్చయిన కథ అమ్మకు చదివి వినిపిస్తే, "ఇది ఏ ఊరు బిడ్డా?" అన్నది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇప్పటి ఎడిటర్లకు చివర మెలిక కావాలి. ఆ మోజులోనే నువ్వు లాడ్జి మేనేజర్‌ను పాత క్లాస్‌మేట్‌ను చేశావు. తీసెయ్.

ఆ పిల్లవాడు నిజంగానే ఉన్నాడని ఉత్తరంలో చెప్పావు. వచ్చే ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరికి పో. వాళ్లమ్మ బిందె ఎక్కడ నింపుకునేదో అడుగు. ఆ ఫ్లోరైడ్ కీళ్లనూ పట్టేస్తుంది; వాళ్ల నాయన మోకాళ్ల మీద చేతులు పెట్టకుండా లేవగలడేమో చూడు. తర్వాత మళ్లీ రాయి. గీజర్ సంగతికి ఒక్క లైను చాలు. రాశాక ముందు నాకే పంపు.

మీ అన్న